పంచనామాకు ముందు స్నానం

“వదినా, ఇదేంటి?”

సు-ఎ, పోయిన తన తండ్రి ఎడమచెయ్యి ఎత్తి పట్టుకుని ఉంది. మణికట్టు చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున మచ్చ. మధ్యలో నేరేడుపండు రంగు, అంచుల్లో పసుపు.

పావ్-చూ తడిగుడ్డ పిండుతున్నదల్లా ఆగింది. ఆఖరి స్నానానికని కాలవలో చిల్లర వేసి, నీటిదేవుణ్ణి అడిగి తెచ్చుకున్న నీళ్ళు అవి, ఒలకపొయ్యకూడదు. గుడ్డని జాగ్రత్తగా గిన్నె అంచు మీద వేసింది.

“ఆసుపత్రిలో కట్టుంటారు. ముక్కులో గొట్టం పీక్కుంటారని అక్కడ అందరికీ కడతారుగా.”

“ఆసుపత్రిలో ఉన్నది రెండ్రోజులు. ఇది పసుపు తిరిగింది. ఇరవయ్యేళ్ళ నుంచి బళ్ళో నర్సుగా చేస్తున్నా వదినా. పిల్లల మోకాలి దెబ్బ చూసి ఏ రోజు పడ్డారో చెబుతాను. ఇది వారం కిందటిది.”

“నాన్న ఒళ్ళు ఈమధ్య ఊరికే కమిలిపోతోందే,” అన్నాడు వెన్-తుంగ్ పైనుంచి.

పైనుంచి అనడం ఊరికే కాదు. వెన్-తుంగ్ పావ్-చూ మొగుడు, ఆ ఇంటికి పెద్దకొడుకు. హాలు మధ్య వెదురు పీట మీద, తలకి వెదురు టోపీ పెట్టుకుని, చేతులు బార్లా చాపి నిలబడి ఉన్నాడు. తండ్రికి తొడగాల్సిన ఏడు పొరల బట్టలూ ముందు పెద్దకొడుకు ఒంటి మీద ఎక్కాలి. అన్నీ ఎక్కాక ఒక్కసారిగా ఊడదీసి పోయినవాళ్ళకి తొడుగుతారు. అంతదాకా అతని పాదం నేలకి తగలకూడదు, నెత్తి ఆకాశం చూడకూడదు. ఇప్పటికి నాలుగు పొరలెక్కాయి. పోట్లాట పెట్టుకోవాలన్నా పీట దిగే వీల్లేదు.

“ఊరికే కమిలితే గాజు తొడిగినట్టు గుండ్రంగా కమలదు అన్నయ్యా. చేతికి కట్టేశారు. ఎవరు కట్టారు?”

చావు కనపడకుండా దేవుళ్ళ పటాలకి కప్పిన ఎర్రగుడ్డ గాలికి ఒకసారి ఉబ్బి మళ్ళీ అణిగింది. వంటింటి గుమ్మంలో లస్త్రి వేడినీళ్ళ కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది. మూడేళ్ళ కిందట ఇండోనేసియా నుంచి ముసలాయన్ని చూసుకోవడానికి వచ్చిన పిల్ల. ఆమె కళ్ళు రెండూ వాచిపోయి ఉన్నాయి. నిన్న సాయంత్రం ముసలాయన్ని ప్రాణం ఇంట్లోనే పోవాలని ఒక్క ఊపిరి మిగిలుండగా ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి, పూర్వీకుల పటాల ముందు గొట్టం తీసినప్పుడు, ఆ ఇంట్లో అందరికన్నా గట్టిగా ఏడ్చింది ఆ పిల్లే.

సు-ఎ చూపు నెమ్మదిగా వెళ్ళి ఆ కెటిల్ మీద ఆగింది.

“నువ్వేనా?” అంది.

లస్త్రి పావ్-చూ వంక చూసింది. పావ్-చూ గిన్నెలోకి చూసింది.

అంతే జరిగింది. కానీ ఆ ఒక్క చూపు తిప్పుకోవడంతో తనేం చేసిందో పావ్-చూకి తెలుసు. ఎందుకంటే మంగళవారం మధ్యాహ్నం మావగారి చేతులు కుర్చీకి కట్టింది తనే. మంగళవారం ఒక్కటే కాదు, ఆల్చిప్పల కాలం మొదలైనప్పటినుంచీ కడుతూనే ఉంది. పక్షవాతం మనిషి, కుదురుగా కూర్చోడు, ముక్కులో గొట్టం లాగేస్తాడు. షెడ్డులో చూస్తే బస్తాలు బస్తాలుగా ఒలవాల్సిన ఆల్చిప్పలు, సాయంత్రానికి లారీ వస్తుంది. లస్త్రిని కూడా షెడ్డుకి తీసుకుపోయింది. ఆ పిల్ల రెండుసార్లు అడిగింది, “పిన్నీ, ఓసారి ఆ-కోంగ్‌ని చూసొస్తాను” అని. ముసలాయన్ని ఆ-కోంగ్, అంటే తాత, అనే పిలుస్తుంది. రెండుసార్లూ “ఈ బుట్ట కానివ్వవే” అంది పావ్-చూ. మూడోసారి లస్త్రి అడక్కుండానే లేచి వెళ్ళింది. అప్పటికే కుర్చీ పక్కకి ఒరిగి ఉంది. ముసలాయన తల గడపకి తగిలి ఉంది.

“వేన్నీళ్ళు పెట్టి నువ్వెళ్ళు,” అంది పావ్-చూ, లస్త్రితో.

“వెళ్ళడమేంటి? అడుగుతున్నాగా,” అంది సు-ఎ.

“నాన్న శవం ముందు విచారణలు పెట్టకు సు-ఎ. తొమ్మిదింటిలోపు తొడగాలి. ముహూర్తం దాటితే మళ్ళీ ఎల్లుండి దాకా లేదు. ఇప్పటికే ఒళ్ళు బిగుసుకుపోయింది, ఎల్లుండికి ముట్టుకునేలా కూడా ఉండదు. అప్పుడు నువ్వే ఏడుస్తావు,” అన్నాడు వెన్-తుంగ్.

“పోలీసాయన ముట్టుకోవద్దన్నాడని విన్నాను.”

పొద్దున ఏడింటికి స్టేషన్ నుంచి ఫోను వచ్చిన మాట నిజం. తలకి దెబ్బ తగిలి పోయాడని ఆసుపత్రి కాగితంలో ఉంది కాబట్టి మామూలు చావు కింద రాదు, మధ్యాహ్నం ప్రాసిక్యూటరు వచ్చి పంచనామా చేస్తారు, అందాకా కడగొద్దు, బట్టలు మార్చొద్దు అన్నాడు. వెన్-తుంగ్ ‘అలాగే అలాగే’ అని నాలుగుసార్లు అన్నాడు. ఫోను పెట్టేసి నీళ్ళు తెమ్మన్నాడు. మా తీరంలో అందరం ఇంతే. పోలీసుకి భయపడతాం, ముహూర్తానికి ఇంకా భయపడతాం. రెండూ ఒకేసారి ఎదురైతే ముహూర్తమే గెలుస్తుంది.

అతని ఒంటి మీద బట్టలెక్కిస్తున్న కర్మకాండల పెద్దాయన ఐదో పొర దులిపాడు. “మధ్యాహ్నం వచ్చేవాళ్ళు మధ్యాహ్నం వస్తారు. పైపైన చూసి సంతకం పెట్టించుకుంటారు. నేనెన్ని చూశాను,” అన్నాడు.

సు-ఎ మళ్ళీ తండ్రి చెయ్యిని తన ఒళ్ళో పెట్టుకుని, ఆ మచ్చ మీద తడిగుడ్డతో చాలాసేపు రాసింది, పోతుందేమో అన్నట్టు. తెల్లవారుతూనే కావ్‌షుంగ్ నుంచి వచ్చి, మా ఆడపడుచుల ఆచారం ప్రకారం వీధి చివర నుంచి మోకాళ్ళ మీద ఏడుస్తూ పాకుతూ ఇంట్లోకి వచ్చిన మనిషి. ప్యాంటు మోకాళ్ళు రెండూ చిరిగి, కింద చర్మం దోక్కుపోయి ఉంది. ఆ దెబ్బల్ని మాత్రం ఆ నర్సు చూసుకోలేదు.

కాసేపటికి సబ్బు కోసం లోపలికి వెళ్ళింది. పెద్దాయన టీ తాగడానికి వరండాలోకి పోయాడు. హాల్లో పీట మీద మొగుడు, పీట కింద పెళ్ళాం, పలక మీద పోయినాయన మిగిలారు.

పావ్-చూ ఐదో పొర నాడాలు ముడేసే నెపంతో దగ్గరికి వచ్చింది.

“పోలీసుకి ఏం చెప్పావు నువ్వు?”

“చెప్పిందేగా. ఆ పిల్ల ఫోను చూసుకుంటూ కూచుంది, నాన్న పడిపోయాడు.”

“ఆ పిల్ల షెడ్డులో ఉంది.”

“మెల్లిగా.” అతని మెడ కదల్లేదు, కళ్ళు మాత్రం కిందికి దిగాయి. “షెడ్డు మాట రాకూడదు. ముసలాయన్ని చూసుకుంటుందని తెచ్చుకున్న పిల్ల చేత ఆల్చిప్పలు ఒలిపిస్తున్నామని తెలిస్తే కార్మికశాఖ వాళ్ళు ఊరుకుంటారా? మళ్ళీ ఈ జన్మలో మనిషిని ఇవ్వరు. పైగా కట్టేసింది నువ్వు.”

“కట్టమంది నువ్వు.”

“నేను ‘చూసుకో’ అన్నాను.”

“చూసుకో అంటూ ఆ గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టావు.”

వెన్-తుంగ్‌కి కక్కలేక మింగలేక అయింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ పంచుకునే వేళకి ఎవరి పిడికిలీ తెరుచుకోదు.

“ఆ పిల్లని ఏం చేస్తారు?” అంది పావ్-చూ.

“ఏం చేస్తారు, ఇంటికి పంపించేస్తారు. ఎలాగూ వచ్చే ఏడు వెళ్ళాల్సిందేగా. వాళ్ళ ఊళ్ళో వాళ్ళవాళ్ళ దగ్గర హాయిగా ఉంటుంది.”

“జైల్లో పెడితే?”

“ఫోను చూసుకున్నందుకు జైల్లో పెడతారా ఎవరన్నా?”

“మనిషి చచ్చిపోయాడు.”

ఏడు పొరల్లో ఐదు తొడుక్కుని, చెమటలు కారుతూ, తండ్రి బట్టల్లో ఆ కొడుకు ఉన్నట్టుండి అచ్చం తండ్రిలా కనిపించాడు. పావ్-చూ చూడలేక నాడా ముడి మీదకి కళ్ళు దించుకుంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అతను అబద్ధాలకోరు కాదు. భయస్తుడు. భయస్తుడు ఆడే అబద్ధం చాలా దూరం పోతుంది.

“నువ్వు నోరు మూసుకుని ఉండు చాలు. నిన్ను ఎవరూ ఏమీ అడగరు. పెద్దకొడుకునే అడుగుతారు,” అన్నాడు.

ఎనిమిదిన్నరకి బట్టలన్నీ దింపి ముసలాయనకి తొడిగారు. వేన్నీళ్ళ గుడ్డతో రుద్దగా రుద్దగా చెయ్యి వంగింది. సు-ఎ కాలరు సర్ది, చేతుల చివర్లు కిందికి లాగి మణికట్లు కప్పింది. అప్పుడే వీధిలో కారు ఆగింది.

మధ్యాహ్నం రావలసినవాళ్ళు పొద్దునే వచ్చారు. పక్క ఊళ్ళో చెరువులో శవం తేలితే వెళ్తున్నారట, దారిలోనే కదా అని ఇటు తిరిగారట. కర్మకాండల పెద్దాయన టీ గ్లాసుతో సహా వెనక గుమ్మంలోంచి మాయమయ్యాడు.

ప్రాసిక్యూటరు థాంగ్‌కి ముప్ఫై దాటి ఉండవు. తైపే మనిషి. మా తీరం మాట ఆవిడకి పొడి పొడిగా తప్ప అర్థం కాదు. వెంట వచ్చిన వెంగ్ శవాలు పరీక్ష చేసే ఉద్యోగి, అరవైకి దగ్గరపడ్డవాడు, మా పక్క రేవు మనిషే. ఆవిడ బడిభాష మాకు అర్థమవుతుంది, మా మాటలు ఆవిడకి చెప్పే పని మాత్రం ఆయనదే. పోలీసు తలుపు దగ్గర నిలబడి, లోపలి పలక మీద పట్టుబట్టలు చూసి, వెన్-తుంగ్ వంక చూశాడు. ‘అలాగే అలాగే’ అన్నది ఈయనేనా అన్నట్టు.

“కడిగేశారా?” అన్నాడు వెంగ్.

“ముహూర్తం...” అన్నాడు వెన్-తుంగ్.

“ముహూర్తం మా ఇంట్లోనూ ఉంటుందయ్యా. ఫోను కూడా ఉంటుంది.” వెంగ్ గొంతు హెచ్చించలేదు. గ్లవ్స్ తొడుక్కున్నాడు. “విప్పాలి.”

“విప్పడమా?” సు-ఎ పలకకి అడ్డంగా వచ్చింది. “తొడిగిన బట్టలు విప్పితే పోయినవాళ్ళు ఏం కట్టుకుని వెళ్తారండీ? చలిలో నించోబెడతారా మా నాన్నని?”

ప్రాసిక్యూటరు ఏదో అడిగింది. వెంగ్ చెప్పాడు. ఆవిడ సు-ఎ వైపు తిరిగి, పుస్తకంలో ఉన్నట్టు స్పష్టంగా మాట్లాడింది.

“అమ్మా, మీ బాధ నాకు తెలుసు. కానీ ఒక మనిషి ఎలా మరణించాడో ఆ మనిషే చెప్పాలి. అందుకు ఇదే ఆయనకి ఆఖరి అవకాశం. దయచేసి పక్కకి రండి.”

సు-ఎ కదల్లేదు. వెంగ్ మూడు అగరొత్తులు వెలిగించి ముసలాయన కాళ్ళ దగ్గర అన్నం గిన్నెలో గుచ్చాడు. వంగి, ఆయన చెవి దగ్గర, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

“పెద్దనాన్నా, నేను వెంగ్‌ని. రేవులో వలలు అల్లే వెంగ్ కొడుకుని. కాస్త ఇబ్బంది పెడతాను, ఓర్చుకో. అయిపోగానే మీ అమ్మాయి మళ్ళీ తొడుగుతుంది. చలెయ్యనివ్వను.”

సు-ఎ అప్పుడు పక్కకి జరిగింది. జరగడమే కాదు, మొదటి గుండీ తనే విప్పింది.

ఒక్కో పొరే విప్పి పక్కన పెట్టారు. వెంగ్ తల నుంచి మొదలుపెట్టాడు. చూసిందల్లా పైకి చెప్పాడు, పోలీసు రాసుకున్నాడు. తల ఎడమవైపు వెనక భాగం, మూడు అంగుళాల దెబ్బ. చెవిలో ఎండిన నెత్తురు, కడిగినా లోపల మిగిలింది. ఎడమ భుజం కమిలింది. ఎడమ తుంటి కమిలింది. మనిషి పక్కకి పడ్డాడు.

“అరచేతులు,” అన్నాడు వెంగ్. రెండూ తిప్పి చూశాడు. మళ్ళీ చూశాడు. “అరచేతుల మీద ఏమీ లేదు. మోచేతుల మీదా లేదు.”

“అంటే?” అంది ప్రాసిక్యూటరు.

“పడేటప్పుడు ఎంతటి రోగిష్టివాడైనా చెయ్యి అడ్డం పెడతాడమ్మా. కుడిచెయ్యి బాగానే ఉందిగా ఈయనకి. పెట్టలేదు.” వెంగ్ కుడి మణికట్టు దగ్గర ఆగాడు, అక్కడా అదే మచ్చ. వేలితో వెడల్పు కొలిచాడు. “పెట్టడానికి లేదు.”

“ఈయన్ని ఎవరు చూసుకుంటారు?” అని అడిగింది ప్రాసిక్యూటరు.

వెన్-తుంగ్ చెయ్యి ఎత్తి వంటింటి వైపు చూపించాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడిందంటే ఇదే.

లస్త్రి వచ్చి గోడ పక్కన నిలబడింది. భాష తెలిసిన మనిషిని పిలిపించాలా అని ప్రాసిక్యూటరు అడిగింది. అక్కర్లేదని వెంగ్ అన్నాడు. ముసలాయన దగ్గరే మూడేళ్ళు మాట నేర్చుకున్న పిల్ల, మా తీరం మాట మాలాగే మాట్లాడుతుంది. తిట్లు ఇంకా బాగా మాట్లాడుతుంది, అవన్నీ ముసలాయన నేర్పినవే. ఆ హాల్లో ఆ పిల్ల చెప్పేది అర్థంకానిది ఒక్క ప్రాసిక్యూటరుకే.

“మంగళవారం మధ్యాహ్నం ఎక్కడున్నావమ్మా?” అన్నాడు వెంగ్.

“ఆ-కోంగ్ దగ్గరే ఉన్నాను. నేను ఎప్పుడూ ఆ-కోంగ్ దగ్గరే ఉంటాను.”

ఆ మాటలు ఆ పిల్లవి కావు, పావ్-చూవి. కార్మికశాఖ వాళ్ళు ఎప్పుడొచ్చి ఎవర్ని అడుగుతారో తెలీదని, మూడేళ్ళ కిందట వంటింట్లో కూర్చోబెట్టి తనే వల్లె వేయించింది. ఎవరడిగినా? ‘ఆ-కోంగ్ దగ్గరే ఉంటాను.’ షెడ్డు? ‘షెడ్డులో అడుగుపెట్టలేదు.’ ఇంకేం పని చేస్తావు? ‘ఆ-కోంగ్ పనులన్నీ నేనే చేస్తాను. ఇంకే పనీ చెయ్యను.’ తప్పు చెబితే నిన్ను విమానం ఎక్కించేస్తారు, మాకు శిక్ష పడుతుంది అని బెదిరించి మరీ నేర్పింది. ఎంత బాగా నేర్చుకుందో అని అప్పుడు మెచ్చుకుంది కూడా.

“పక్కనే ఉంటే, ఆయన పడుతుంటే పట్టుకోలేదా?”

లస్త్రి తడబడింది. దీనికి జవాబు ఎవరూ నేర్పలేదు.

“చూళ్ళేదు,” అంది.

“చేతులు ఎవరు కట్టారు?”

ఆ పిల్ల పావ్-చూ వంక చూసింది. ఈసారి భయంతో కాదు, సాయం అడగడానికీ కాదు. నేను సరిగ్గానే చెబుతున్నానా అని అడిగినట్టు చూసింది.

“ఆ-కోంగ్ పనులన్నీ నేనే చేస్తాను. స్నానం, గంజి, మందులు. అన్నీ నేనే. ఇంకే పనీ చెయ్యను.”

వెంగ్ ఆ మాటల్ని ప్రాసిక్యూటరుకి చెప్పాడు. ఆవిడ ముఖం గట్టిపడింది. పోలీసుతో మెల్లిగా ఏదో అంది. నిర్లక్ష్యం వల్ల మరణం అన్న మాట మాత్రం అందరికీ వినపడింది. అరిచి చెప్పకపోయినా కొన్ని మాటలు వినపడతాయి. పోలీసు లస్త్రి పాస్‌పోర్టు తెమ్మన్నాడు.

“ఎక్కడికి తీసుకెళ్తారు?” అంది పావ్-చూ.

“జిల్లా ఆఫీసుకి. మిగతాది అక్కడ,” అన్నాడు పోలీసు.

“సాయంత్రానికి తిరిగి పంపిస్తారా?”

పోలీసు పాస్‌పోర్టు కోసం చెయ్యి చాపాడు. వెన్-తుంగ్ నేల చూస్తున్నాడు. పంపించేస్తారు అన్నవాడికి ఎక్కడికి పంపిస్తారో ఇప్పుడు తెలిసినట్టుంది. గట్టున నిలబడ్డవాడు మునిగేవాణ్ణి చూసి తనకి ఈత రాదనుకున్నట్టు ఉండిపోయాడు.

ప్రాసిక్యూటరు బల్ల మీద కాగితం పరిచింది. ఇంటివాళ్ళని అడగాల్సిన ఆఖరి ప్రశ్న ఒకటుంది. ప్రతి చావింట్లోనూ అదే ప్రశ్న, అదే మాటల్లో అడుగుతారు. అనుమానం లేదంటే సంతకం పెట్టించుకుని దహనానికి కాగితం ఇస్తారు. ఉందంటే శవాన్ని తీసుకెళ్ళి కోస్తారు. అందుకే మా వాళ్ళెవరూ ఉందనరు. ఒళ్ళు ఒక్క ముక్కగా వెళ్ళాలి, అదొక్కటే పోయినవాళ్ళకి మనం ఇవ్వగలిగింది.

“మరణ కారణం మీద కుటుంబంలో ఎవరికైనా అనుమానం ఉందా?”

“లేదండి. ఆ పిల్ల అజాగ్రత్తే,” అన్నాడు వెన్-తుంగ్. సంతకం పెట్టాడు. అక్షరాలు వంకర పోయాయి.

సు-ఎ కూడా, తండ్రి చెయ్యి వదలకుండానే, ఇంకో చేత్తో సంతకం పెట్టింది. లస్త్రి వైపు చూడలేదు.

కలం పావ్-చూ ముందుకి వచ్చింది. కోడలి సంతకం అంత అవసరం కాదు, కానీ ఆవిడా ఆ ఇంటి మనిషే కాబట్టి అడిగారు. పావ్-చూ కలం తీసుకుంది. మూత పెట్టింది. బల్ల మీద పెట్టేసింది.

“ఉంది,” అంది.

“వదినా!” అంది సు-ఎ. “కోస్తారే!”

“కొయ్యాల్సిన పని లేదు. నేను చెబుతాను.” ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. వెంగ్ వైపు తిరిగి, ఆయనకే చెప్పింది, ప్రాసిక్యూటరు ముఖం చూస్తే నోరు పెగలదని. “చేతులు కట్టింది నేను. ఆ పిల్ల అక్కడ లేదు. నాతో షెడ్డులో ఆల్చిప్పలు ఒలుస్తోంది. రెండుసార్లు వెళ్తానంది. నేనే వెళ్ళనివ్వలేదు.”

వెంగ్ వెంటనే అనువదించలేదు.

“దేంతో కట్టావు?” అంది సు-ఎ. చాలా మెల్లిగా అడిగింది.

“పిల్లల్ని వీపున కట్టుకునే గుడ్డ. బీరువా అడుగున ఉండేది. అత్తయ్యది.”

“అమ్మ నన్ను మోసిన గుడ్డా?”

పావ్-చూ తలూపింది. సు-ఎ ఏడవలేదు, తిట్టలేదు. వంగి తండ్రి మణికట్టు మీద తన చెయ్యి చుట్టి గట్టిగా పట్టుకుని అలాగే ఉండిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని పావ్-చూకి అనిపించింది.

“మూడు రోజులుగా కంటిమీద కునుకు లేదండీ మా ఆవిడకి,” అన్నాడు వెన్-తుంగ్. “ఆ పిల్లంటే ప్రాణం. అందుకని నెత్తిన వేసుకుంటోంది. రాసుకోకండి.”

“రాసుకోండి,” అంది పావ్-చూ.

ప్రాసిక్యూటరు ఇద్దరి ముఖాలూ చూసింది. వెంగ్ చెప్పిందంతా విని, లస్త్రిని అడగమంది.

“విన్నావుగా అమ్మాయీ. మీ పిన్ని చెప్పింది నిజమేనా? షెడ్డులో ఉన్నావా?”

లస్త్రి అదిరిపోయి ఉంది. పావ్-చూ వైపు కళ్ళు పెద్దవి చేసి, చెప్పొద్దు చెప్పొద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. మూడేళ్ళలో ఎప్పుడూ తప్పని పాఠం పిన్నే తప్పు చెబుతుంటే, సర్దాల్సిన బాధ్యత తన మీద పడిందనుకుంది కాబోలు.

“లేదండి. పిన్నికి ఒంట్లో బాగాలేదు. నేను షెడ్డులో అడుగుపెట్టలేదు,” అంది. “ఎప్పుడూ పెట్టలేదు.”

“చూశారా?” అన్నాడు వెన్-తుంగ్.

“లస్త్రీ, వద్దే,” అంది పావ్-చూ. “వీళ్ళు కార్మికశాఖ వాళ్ళు కాదే. ఇది వేరు. నిజం చెప్పెయ్.”

“నిజమే పిన్నీ. ఆ-కోంగ్ దగ్గరే ఉంటాను.”

ఒకరు తను చేశానంటున్నారు, ఇంకొకరు కాదు నేనే అంటున్నారు. నేరం ఒప్పుకోవడానికి పోటీ పడటం ప్రాసిక్యూటరు ఎన్నడూ చూసి ఉండదు. కాగితం మీద మూడు సంతకాల చోట రెండే ఉన్నాయి. ఆవిడ టైము చూసుకుంది. చెరువులో తేలిన శవం ఇంకా గట్టు మీద ఎదురు చూస్తోంది. “ఇద్దర్నీ తీసుకురండి,” అనబోయినట్టుంది.

వెంగ్ ఆవిణ్ణి ఒక్క నిమిషం ఆగమని చెయ్యి చూపించాడు. ముసలాయన ఒంటి మీద పట్టుచొక్కా కప్పి, గ్లవ్స్ విప్పి జేబులో పెట్టుకుని, లస్త్రి ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఆయనా రేవు మనిషే. వాళ్ళమ్మ నలభయ్యేళ్ళు ఆల్చిప్పలు ఒలిచింది. ఎడమచేత్తో చిప్ప పట్టుకుని కత్తితో తెరిచేవాళ్ళకి ఆ అరచేతిలో పడే గాట్లు ఆయనకి తెలుసు.

“అమ్మాయీ, నీ ఎడమచెయ్యి ఇలా చాపు. అరచెయ్యి పైకి పెట్టి.”

లస్త్రి చాపలేదు. పావ్-చూ వైపు చూసింది.

“చూపించవే,” అంది పావ్-చూ. “నీ కాళ్ళు పట్టుకుంటాను. చూపించు.”

లస్త్రి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, గోడకి గట్టిగా ఆనుకుని నిలబడింది.